పాల సెంటర్ల డేటా ఒకే సర్వర్‌కి పంపాలి, ఏ పద్ధతి మంచిది?

అన్నలూ, కొంచెం సలహా కావాలి. మాది నల్గొండ. చిట్యాల, మునుగోడు, దేవరకొండ వైపు నలభై ఊళ్లలో పాల సేకరణ సెంటర్ల సాఫ్ట్‌వేర్ నేనొక్కడినే చూసుకుంటున్నా. రెండు పూటలా రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్ ఒక సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) పడతాయి, దాన్ని ఎఫ్‌టీపీతో (ఫైళ్లు పంపే పాత పద్ధతి) పంపుతున్నాం. అందులో పాస్‌వర్డ్ బాహాటంగానే పోతుందని తెలుసు, కానీ అసలు తంటా అది కాదు, మొన్న ఫైల్ సగం ఎక్కాక సిగ్నల్ పోయింది, సర్వర్ ఆ సగమే తీసుకుని లెక్క కట్టేసింది, బిల్లులో పదకొండు మంది పాలు లేవు. పొద్దున్నే వాళ్లంతా క్యాన్లు పట్టుకుని సెంటర్ ముందు నిలబడ్డారు, తిట్లన్నీ నాకే.

ఎస్‌ఎఫ్‌టీపీలో (ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) వేరే పేరుతో ఎక్కించి, పూర్తయ్యాక అసలు పేరుకి మార్చడం ఒక దారి, అప్పుడు సర్వర్ సగం ఫైల్‌ని తీసుకోదు. లేదంటే ఒక్కో ఎంట్రీని హెచ్‌టీటీపీఎస్‌లో పంపి, సెంటర్, తేదీ, పూట, సీరియల్ నంబరు కలిపి ఐడీ ఇస్తే, మళ్లీ పంపినా సర్వర్ డూప్లికేట్‌ని పట్టుకుంటుంది. ఎంక్యూటీటీ (చిన్న చిన్న మెసేజ్‌లు పంపే పద్ధతి) పెట్టమని ఫ్రెండ్ ఒకటే పోరు, కానీ అందులో క్యూఓఎస్ 1లో (మెసేజ్ కనీసం ఒకసారైనా చేరేలా చూసే సెట్టింగ్) ఒకే మెసేజ్ రెండుసార్లు రావచ్చు కాబట్టి ఆ ఐడీ పని ఎలాగూ తప్పదు, పైగా బ్రోకర్ (మెసేజ్‌లు అందుకుని పంచే సర్వర్) ఒకటి మేపాలి.

నాకైతే రెండోదే నచ్చుతోంది. నెట్ వచ్చి పోయే ఊళ్లలో ఇలా నడిపినవాళ్లు ఉంటే చెప్పండి, పంపాల్సినవి సెంటర్‌లోనే ఎస్‌క్యూలైట్‌లో (ఒక్క ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) దాచుకుంటే సరిపోతుందా, మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తున్నారు?