మైక్రోఫైబర్ టవల్స్‌ని వేడి నీళ్లలో ఉతకొచ్చా, కూడదా?

వెన్నెలదారి:
కారుకీ, కిటికీ అద్దాలకీ వాడే మైక్రోఫైబర్ టవల్స్ నా దగ్గర పది ఉన్నాయి. కొత్తలో నీళ్లు తగలడమే ఆలస్యం, పీల్చేసేవి. ఇప్పుడు తుడుస్తుంటే నీళ్లు అటూ ఇటూ జరుగుతున్నాయి తప్ప గుడ్డలోకి పోవడం లేదు. అద్దం మీద చారలు మిగులుతున్నాయి. 60 డిగ్రీల నీళ్లలో ఉతకడం వల్ల పోగులు కరిగిపోయాయని ఒకరన్నారు. వేడి లేకపోతే జిడ్డెలా వదులుతుందని ఇంకొకరు. అన్నీ మిగతా బట్టలతో కలిపే వేస్తాను, కండిషనర్ కూడా పోస్తాను. ఎవరి మాట వినాలి?

పాతపోగు:
మొదటివారి మాటే వినండి. ఇవి పాలిస్టర్, నైలాన్ కలిపి చేసినవి, ఎక్కువగా 80:20 పాళ్లలో. పోగు ఒక డెనియర్ కన్నా సన్నం. అంటే 9000 మీటర్ల పోగు తూచినా ఒక గ్రాము ఉండదు. అంత సన్నటిదాన్ని వేడిలో వేస్తే ఏం మిగులుతుంది? డ్రయర్‌లో ఫుల్ హీట్ మీద తిప్పాక నావి రెండు చెంపకి రాసుకుంటే గుచ్చుకునేంత గరుకుగా తయారయ్యాయి. అప్పటినుంచి చల్లటి నీళ్లే.

నీటిచుక్క:
పాతపోగు గారూ, మీకు జరిగింది నిజమే, కానీ తప్పు నీళ్లది కాదు, డ్రయర్‌ది. పాలిస్టర్ కరగాలంటే దాదాపు 260 డిగ్రీలు కావాలి. 60 డిగ్రీల నీళ్లలో కరిగే మాటే లేదు. అయితే కరగడం వేరు, మెత్తబడటం వేరు. 70, 80 డిగ్రీల దగ్గరే పాలిస్టర్ మెత్తబడటం మొదలవుతుంది. ఆ వేడిలో డ్రయర్ దొర్లిస్తుంటే పోగుల కొసలు వంగిపోయి, ఒకదానికొకటి చిక్కుపడి, చల్లారాక అలాగే బిగుసుకుంటాయి. ఆ గరుకుదనం ఇదే. ఇస్త్రీ పెట్టె అయితే ఇంకా ఘోరం.

వెన్నెలదారి గారి కష్టం మాత్రం వేరే. అసలు దోషి కండిషనర్! బట్టలు మెత్తగా అనిపించడానికి అందులో ఉండే పదార్థం ఒక కొసతో పోగుని పట్టుకుని, జిడ్డు కొసని బయటికి పెడుతుంది. ఈ టవల్ నీళ్లు పీల్చేది పోగుల మధ్య ఉన్న సందుల వల్ల. ఆ సందులకి జిడ్డు పూత పడితే నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయి? నూలు బట్టలతో కలిపి ఉతికితే నూగు కూడా ఆ సందుల్లోనే చిక్కుకుంటుంది. అద్దం మీద రాలేది అదే.

ఒక్క పని చేసి చూడండి. ఆరిన టవల్‌ని బల్ల మీద పరిచి, వేలి కొసతో ఒక నీటి చుక్క వేయండి. తామరాకు మీద నీళ్లలా గుండ్రంగా నిలబడి, గుడ్డ కాస్త వంచితే దొర్లిపోతే అది పూతే. అలాంటి వాటిని 50, 60 డిగ్రీల నీళ్లలో, కొంచెం లిక్విడ్ డిటర్జెంట్‌తో, వేరే ఏ బట్టా కలపకుండా ఉతకండి. కండిషనర్ వద్దు. రెండుసార్లు జాడించండి. నీడలో ఆరేయండి. పౌడర్ సరిగ్గా కరగకపోతే ఆ పలుకులు కూడా గుడ్డలోనే ఉండిపోతాయి, అందుకే లిక్విడ్ అన్నాను.

ఉదయరాగం:
వెనిగర్ పోస్తే సరిపోదా? నేను ప్రతిసారీ పోస్తాను.

నీటిచుక్క:
ఉప్పునీళ్ల వల్ల పేరుకున్న తెల్లటి పొరకైతే పనికొస్తుంది. జిడ్డుకి డిటర్జెంటే కావాలి. బ్లీచ్‌తో మాత్రం పొరపాటున కూడా కలపకండి, విషవాయువు క్లోరిన్ వస్తుంది. అసలు బ్లీచ్ నైలాన్‌ని తినేస్తుంది, ఈ గుడ్డలకి దాని అవసరమే లేదు.

పాతపోగు:
డ్రయర్ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ ప్రతిసారీ 60 అంటే ఒప్పుకోను. దుమ్ము తుడిచిన గుడ్డకి 30, 40 చాలు. వేడి పెరిగితే రంగు వదులుతుంది, కరెంటూ దండగ. పైగా ఉతికినప్పుడల్లా ఇవి సన్నటి ప్లాస్టిక్ నూగుని నీళ్లలోకి వదులుతాయి. దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

నీటిచుక్క:
మామూలు మురికికి 40 చాలు, అక్కడ మీతో వాదన లేదు. నేను 60 అన్నది జిడ్డు, వ్యాక్స్ పట్టిన వాటికి. నూగు గురించి బాగా గుర్తుచేశారు. సున్నితమైన బట్టల కోసం పెట్టే డెలికేట్ సైకిల్‌లో నీళ్లు ఎక్కువ పడతాయి కాబట్టి పాలిస్టర్ నూగు ఇంకా ఎక్కువ వదులుతుందని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చూపించారు. టవల్ మీద ప్రేమతో డెలికేట్ పెట్టేవాళ్లు ఇది గమనించాలి. ఒకటీ రెండూ వేసి తిప్పకుండా, మెషిన్ నిండేదాకా పోగుచేసి ఉతకడం మేలు.

వెన్నెలదారి:
చుక్క పరీక్ష చేశాను. పదింటిలో ఎనిమిదింటి మీద ముత్యంలా నిలబడింది! మీరన్నట్టే ఉతికాను. మొదటిసారి జాడించిన నీళ్లలో ఇంత నురగ ఎక్కడినుంచి వచ్చిందా అనుకున్నాను, అంత డిటర్జెంట్ నేను వేయనేలేదు. మూడో ఉతుకు తర్వాత ఆరింటి మీద చుక్క వేసీ వేయగానే ఇంకిపోయింది. ఇప్పుడు అద్దం మీద చార లేదు.

మిగతా రెండూ మారలేదు. భూతద్దం పెట్టి చూస్తే పోగుల కొసలు ఉండలు కట్టి ఉన్నాయి. ఆ రెండూ వానాకాలంలో డ్రయర్‌లో ఆరబెట్టినవే, పాతపోగు గారూ. వాటి అంచు కత్తిరించి గుర్తు పెట్టుకున్నాను. ఇకనుంచి చక్రాలు తుడవడానికే.