పెరట్లో దొరికిన చిలుం పట్టిన బిళ్ళ ఎవరికి చూపించాలి?

మంగమారిపేట దగ్గర మా పెరట్లో కొబ్బరి మొక్కకి గొయ్యి తీస్తుంటే ఎర్రటి కుండపెంకులు, చిలుం పట్టిన ఒక బిళ్ళ బయటపడ్డాయి. ఇంకోచోటైతే పారేసేవాళ్ళమే. కానీ పక్కనే తొట్లకొండ! 1976లో నేవీ సర్వే పుణ్యమా అని అక్కడ పాత బౌద్ధ ఆరామం వెలుగులోకొచ్చింది. తర్వాత తవ్వితే రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంత దూరం వచ్చిన నాణేలు ఇంకాస్త దొర్లి మా పెరట్లోకి రాకూడదా? నాన్నగారు మాత్రం అది పంపు వాషరే అంటున్నారు.

1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దొరికింది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. వాషరు పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్తే పరువు పోతుంది. ముందు విశాఖలో ఎవరికి చూపించాలి? బిళ్ళని తోమొచ్చా? త్వరగా చెప్పండి, అమ్మ చింతపండు నానబెట్టేసింది.