గునుగు పూలను ఏడాదంతా హాల్లో పెట్టుకోవచ్చా?

మాది హన్మకొండలో మూడో అంతస్తు ఫ్లాట్. నిరుడు ఉగాదికి గాజు మూత కింద పెట్టిన ‘ప్రిజర్వ్‌డ్’ గులాబీ ఒకటి 1,400 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో కొన్నాను. మూడేళ్లు చెక్కుచెదరదన్నారు. వానలు మొదలవగానే గాజుకు లోపల చెమట పట్టింది. శ్రావణం వచ్చేసరికి రేకులు జిగురుజిగురుగా అయి, అడుగున ఉన్న చెక్క మీదికి ఎర్ర రంగు దిగింది. అది పువ్వు రంగు కాదు, అద్దిన రంగని అప్పుడు తెలిసింది!

అదే ఏడాది పరకాల దగ్గర మా అమ్మగారింట్లో, పెత్రమాసకు బతుకమ్మ పేర్చగా ఒక గునుగు కట్ట మిగిలింది. అమ్మ దాన్ని కొట్టుగదిలో దూలానికి తలకిందులుగా వేలాడదీసి మరిచిపోయింది. సంక్రాంతికి పోయి చూస్తే దుమ్ము పట్టిందే తప్ప పూలకేం కాలేదు. కొసన గులాబీ రంగు కూడా కొంచెం మిగిలే ఉంది. పైసా ఖర్చు లేదు.

అందుకే ఈ బతుకమ్మకు హాల్లో ప్లాస్టిక్ పూలన్నీ తీసేసి ఇవే పెడదామనుకుంటున్నా. తంగేడు, బంతి, సీతజడ కూడా ఇలా నిలుస్తాయా? గ్లిజరిన్ వాడాలంటున్నారు, నిజమేనా? అసలు టెన్షన్ మా అత్తమ్మతో. “వాడిపోయిన పూలు ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్నా?” అంటోంది.

కాజీపేట కోడలు:
చెల్లె, గునుగు, సీతజడ రెండూ ధైర్యంగా పెట్టుకో. వాటిలో నీరు తక్కువ, ముట్టుకుంటేనే కాగితంలా ఉంటాయి. తంగేడు మీద ఆశ వదులుకో, పసుపు పోయి గోధుమ రంగుకు వస్తుంది, రేకులు రాలుతాయి. గుమ్మడి పువ్వు సంగతి చెప్పనే అక్కర్లేదు. గునుగు బాగా ముదిరాక కోస్తే ఇల్లంతా నల్లటి గింజలు రాలుతాయి, నేను రెండు నెలలు ఊడ్చాను. కాస్త లేతగా ఉన్నప్పుడే, మంచు ఆరాక కొయ్యి. ఎనిమిది పది కాడలకు ఒక రబ్బరు బ్యాండు వెయ్యి. కాడ ఎండితే సన్నబడుతుంది, దారంతో కడితే జారిపోతాయి. గాలి ఆడే చీకటి గదిలో రెండు మూడు వారాలు వేలాడదీస్తే చాలు.

బంతి వేలాడదీస్తే ముడుచుకుపోతుంది. ఆకారం కావాలంటే డబ్బాలో సిలికా జెల్, అంటే తేమ పీల్చే సన్న గుళికలు పోసి, పువ్వు మునిగేలా కప్పి వారం ఉంచు. నారింజ రంగు జెల్ తీసుకో, తేమ పీల్చాక రంగు మారుతుంది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది.

కెమిస్ట్రీ సార్:
గ్లిజరిన్ ఆకులకు, కొమ్మలకు బాగుంటుంది. ఒక పాలు గ్లిజరిన్‌కు రెండు పాళ్లు గోరువెచ్చని నీళ్లు. కాడ పచ్చిగా ఉన్నప్పుడే అందులో నిలబెట్టాలి, ఎండిన కాడ పీల్చుకోదు. మీ గులాబీని కూడా దాదాపు ఇలాగే చేసి ఉంటారు. గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టే మన వానాకాలంలో దానికి చెమట పట్టింది. గునుగుకు ఇవేం అక్కర్లేదు.

నర్సంపేట రైతు:
అక్కా, పూలే ఎందుకు? పత్తి ఏరాక చేన్లో మిగిలిన కట్టె తీసుకుపోండి. విచ్చిన కాయలతో నాలుగు కొమ్మలు కుండలో పెడితే ఎంత ముద్దుగా ఉంటాయో! మేం తగలబెట్టేదాన్ని పట్నంలో డబ్బులిచ్చి కొంటున్నారని తెలిసి నవ్వొచ్చింది. ఒక్క జాగ్రత్త: సరిగా విచ్చని కాయలు తెంపి పారేయండి. గులాబీ రంగు పురుగు వాటిలోనే దాక్కుంటుంది.

పెద్దమ్మ:
బిడ్డా, మీ అత్తమ్మ మాటలో సగం న్యాయముంది. బతుకమ్మలో పేర్చిన పువ్వు చెరువుకే పోవాలె, అది తీసి హాల్లో పెడతానంటే నేనూ ఒప్పుకోను. పేర్చకముందే పక్కన పెట్టుకున్నదానికి ఏ దోషం లేదు. దసరా నాటి జమ్మి ఆకు బీరువాలో ఏడాదంతా దాస్తాం, అది ఎండలేదా? ఈ మాట అడిగి చూడు.

అడిగినామె (దసరా అయ్యాక):
బంతి పాడైంది. సిలికా జెల్ దొరక్క వేలాడదీశాను, కట్ట ఒత్తుగా కట్టడంతో నాలుగో రోజుకే మధ్యలో బూజు. గునుగు, సీతజడ మాత్రం అద్భుతం. పెద్దమ్మ చెప్పిన జమ్మి మాట పనిచేసింది. అత్తమ్మ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత తన పాత ఇత్తడి చెంబు తోమి తెచ్చింది. టీవీ పక్కన వద్దు, చెప్పుల స్టాండు మీద అసలే వద్దంటూ చివరికి తనే కిటికీలో పెట్టింది. అక్కడ పొద్దంతా ఎండ. నెలకే రంగు పోతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్తారు?