క్లాసు మధ్యలో టాయిలెట్‌కి పంపట్లేదు, స్కూలుతో ఎలా మాట్లాడాలి?

తెనాలి అమ్మ:
మా పాప మూడో తరగతి, ప్రైవేటు స్కూలు. పొద్దున నింపి ఇచ్చిన వాటర్ బాటిల్ సాయంత్రానికి అలాగే తిరిగొస్తోంది, ఇంత ఎండల్లో. ఎందుకు తాగట్లేదమ్మా అంటే ముందు ఏం చెప్పలేదు, గుచ్చి గుచ్చి అడిగితే "తాగితే ఒంటికి వస్తుంది కదా, మిస్ పంపరు" అంది. ఇంటర్వెల్లోనే వెళ్లి రావాలంట. ఆ కాసేపట్లో అన్ని సెక్షన్ల ఆడపిల్లలూ ఒకే చోట లైన్లో ఉంటారు, సగం మంది వంతు రాకుండానే బెల్లు కొట్టేస్తారు. పీరియడ్ మధ్యలో చెయ్యెత్తితే "ఇంటర్వెల్లో ఏం చేశావ్?" అని అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు, మిగతా పిల్లలు నవ్వుతారు, దాంతో మళ్లీ ఇంకోసారి అడగాలంటేనే భయం. ఈమధ్య యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే డాక్టరుగారు నీళ్లు బాగా తాగించండి, ఆపుకోనివ్వొద్దు అన్నారు. ఇంట్లో తాగిస్తాను, స్కూల్లో ఉన్నంతసేపూ ఏం చేయను?

మావారు మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చేద్దాం, మన పాపని పంపుతారు అంటున్నారు. నాకు అది సరిపోయేలా లేదు, పక్కన కూర్చున్న పిల్ల సంగతేంటి? అలాగని గట్టిగా అడిగితే మా పాప మీద కక్ష పెట్టుకుంటారేమోనని టెన్షన్. ఇది పిల్లల హక్కుల కిందికి వస్తుందా, లేక నేనే పెద్దది చేస్తున్నానా?

పాతకాలం మనిషి:
మా చదువప్పుడు స్కూల్లో అసలు టాయిలెట్టే లేదండి. పిల్లలు కొంచెం ఓర్చుకోవడం కూడా నేర్చుకోవాలి. ఒకరిని పంపితే క్లాసంతా లేస్తుంది, టీచరు కష్టం కూడా చూడాలి.

జడ్పీ స్కూల్ టీచర్:
పైన సార్ చెప్పిన కష్టం నిజమే, ఒకరు లేస్తే వెనకాలే నలుగురు లేస్తారు. కానీ ఓర్చుకోవడం నేర్పాల్సింది లెక్క రాకపోతే మళ్లీ ప్రయత్నించడంలోనండీ, ఒంటికి ఆపుకోవడంలో కాదు. ఆపుకుంటూ కూర్చున్న పిల్లకి మనం చెప్పే పాఠం ఒక్క ముక్క ఎక్కదు.

నా క్లాసులో తలుపు పక్కన మేకుకి రెండు అట్టకార్డులు వేలాడదీశాను, ఒకటి ఆడపిల్లలకి, ఒకటి మగపిల్లలకి. కార్డు ఉంటే తీసుకుని వెళ్లిపోవడమే, నన్ను అడగక్కర్లేదు, వచ్చాక మళ్లీ తగిలించాలి. మొదట్లో సరదాకి అందరూ వెళ్లారు, కొన్నాళ్లకి మోజు తీరింది, ఇప్పుడు ఎవరు వెళ్లొచ్చారో కూడా నేను పట్టించుకోను. మేం పాఠం ఆపేది లేదు, వాళ్లు సిగ్గుపడేది లేదు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి ఇది ఇంకా అవసరం. నెలసరి రోజుల్లో మగ టీచరు ముందు లేచి అడగలేక బెంచీకి అతుక్కుని కూర్చుంటారు, కొందరు అసలు బడికే రారు.

ఇంకో మాట, ఇంటర్వెల్లో లైను ఎందుకు ఆలస్యమవుతోందో పిల్లల్నే అడగండి. మేం పేర్లు రాయకుండా చీటీల మీద రాయమన్నాం. మేం నీళ్ల గురించి అనుకుంటుంటే వాళ్లు రాసింది గొళ్లెం గురించి! తలుపు పడదు కాబట్టి ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట పట్టుకుని నిలబడాలి, అందుకే అంతసేపు. కొత్త గొళ్లెం వేయించాక లైను సగానికి తగ్గింది.

లా చదువుతున్నా:
మేడం, మీరేం పెద్దది చేయట్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది, అందరి ముందూ నిలబెట్టి నవ్వులపాలు చేయడం నా లెక్కలో అందులోకే వస్తుంది. అదే చట్టం షెడ్యూల్లో ఆడపిల్లలకి, మగపిల్లలకి వేరువేరు టాయిలెట్లు, తాగునీరు ఉండాలని ఉంది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఆరు నెలల్లో అన్ని స్కూళ్లలో ఇవి ఉండాలని చెప్పింది. టాయిలెట్ కట్టి పిల్లల్ని వెళ్లనివ్వకపోతే కట్టినట్టు ఎలా అవుతుంది చెప్పండి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 1992లో మన దేశం కూడా చేరింది, స్కూల్లో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి భంగం కలగకుండా ఉండాలని దాని 28వ అధికరణం అంటుంది.

స్కూలు వినకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు, మూడు నెలల్లో తేల్చాలి, అక్కడా కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి అప్పీలు. ముందు మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. ఒక్కటి చూసుకోండి, మైనారిటీ స్కూలైతే ఈ చట్టం వర్తించదని 2014లో తీర్పు వచ్చింది. కొట్టడం లాంటిది ఏదైనా ఉంటే మాత్రం ఆగకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇద్దరు పిల్లల నాన్న, వరంగల్:
సర్టిఫికెట్ వద్దు అక్కా. అది ఇస్తే మీ పాపకి రోగం ఉందని క్లాసంతా అనుకుంటుంది, రూల్ మాత్రం అలాగే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టకండి, పది నిమిషాల్లో టీచరుకి స్క్రీన్‌షాట్ వెళ్తుంది, ఆమె తప్పు ఒప్పుకునే దారి మూసుకుపోతుంది. నలుగురైదుగురు తల్లులు కలిసి ప్రిన్సిపాల్‌ని కలవండి, పిల్లల పేర్లు ఎత్తకుండా "ఎప్పుడైనా వెళ్లొచ్చు" అనే మాట రాతలో అడగండి. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూళ్లకి తల్లిదండ్రులు ఉండే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తప్పనిసరి కాదు కాబట్టి ఇట్లా గుంపుగా వెళ్తేనే మాట చెల్లుతుంది. అన్నిటికంటే ముందు పాపని అడగండి, నువ్వేమంటావని. తనకి తెలియకుండా వెళ్తే రేపు ఇంకేదీ మీకు చెప్పదు.

తెనాలి అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. పాపని అడిగాను. వెళ్లమంది, కానీ మిస్‌ని తిట్టించొద్దంది, తెలుగు బాగా చెప్తారంట. తలుపు సంగతి అడిగితే ఇక్కడ గొళ్లెం బానే ఉంది, కాకపోతే ఒక టాయిలెట్‌కి ఎప్పుడూ తాళమే, అది టీచర్లకంట. ఇంతవరకు నాకు తెలియదు! ఇంకో ముగ్గురు తల్లులతో మాట్లాడాను, శనివారం వెళ్తున్నాం. జడ్పీ టీచర్ గారూ, కార్డు తీసుకుని వెళ్లిన పిల్ల ఎంతకీ రాకపోతే ఏం చేస్తారు? ప్రిన్సిపాల్ ముందు అదే అడుగుతారు.

జడ్పీ స్కూల్ టీచర్:
కార్డు మేకు మీద లేదంటే ఎవరో బయట ఉన్నట్టే కదండీ, తలెత్తి చూస్తే తెలిసిపోతుంది. ఆలస్యమైతే ఒక స్నేహితురాలిని పంపుతాను. మీ స్కూల్లో ఆయా ఉంటే ఇంకా సులువు, పీరియడ్ టైములో ఆమెని టాయిలెట్ల దగ్గరే కూర్చోమనండి. తాళం విషయం మాత్రం మొదటే అడగండి, దానికి వాళ్ల దగ్గర సాకు ఉండదు.