పెద్దమ్మ ఇల్లు కొడుక్కి రాసిచ్చేసింది, ఇప్పుడు దారేంటి?

ప్రశ్న: మా పెద్దమ్మకి డెబ్బై దాటాయి. పెదనాన్న పోయాక తెనాలిలో ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ డీడ్ చేసింది. ఇప్పుడు ఆవిడ మంచం ఇంటి వెనక వరండాలో వేశారు. బీపీ మాత్రలు కూడా పింఛను డబ్బులతోనే కొనుక్కోమంటున్నారు. "వాడి పరువు పోతుందే, ఎవరికీ చెప్పకు" అని నా చెయ్యి పట్టుకుంటుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం ఉందండి. ఆర్డీఓ దగ్గర ఈ కేసులు చూసే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టాలి. చట్టం ప్రకారం కొడుకు నుంచి నెలకు 10,000 రూపాయల దాకా భృతి ఇప్పించవచ్చు. ఆవిడ స్వయంగా పెట్టుకోలేని స్థితిలో ఉంటే, ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ తరఫున మీరే అర్జీ ఇవ్వచ్చు.

ఇంకొకరు: ముందు డీడ్ నకలు తీసుకుని చదవండి. తనను చూసుకోవాలనే షరతు అందులో ఉంటే అదే చట్టం సెక్షన్ 23 కింద డీడ్ రద్దు చేయమని అడగచ్చు. లేకపోతే ఇల్లు తిరిగి రావడం కష్టం, కానీ భృతికి అది అడ్డు కాదు.

అడిగినామె: కేసు అనగానే ఆవిడకి టెన్షన్. కొడుకు మీద సంతకం పెట్టదు.

జవాబు: అయితే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్ లైన్‌కి ఫోన్ చేసి సలహా అడగండి. ట్రిబ్యునల్‌కి వెళ్లినా ముందు రాజీకి అవకాశం ఉంటుందని ఆవిడకి నెమ్మదిగా చెప్పండి. ఈలోపు బీపీ మాత్రలు మాత్రం ఆగకుండా చూడండి.