కారు మీటర్ బోర్డులో లైట్లు: వైరింగ్ మొత్తం మార్చాలా, లోపం వెతికి బాగు చేయించాలా?

సింగ్‌నగర్, విజయవాడ (ప్రశ్న పెట్టినవారు)

మా నాన్నగారు 2004లో కొన్న పెట్రోలు కారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు నాలుగు రోజులు నీళ్ళలోనే ఉంది. సీట్ల మీది దాకా వచ్చాయి నీళ్ళు. తర్వాత సీట్లు, కార్పెట్లు విప్పి ఎండబెట్టి, ఆయిళ్ళన్నీ మార్పించి, సెల్ఫ్ మోటారు బాగు చేయించి రోడ్డెక్కించాం. అదే ఏడాది ఆర్సీ రెండోసారి రెన్యువల్ చేయించాం, 2029 దాకా ఉంది. నాన్నగారు లేరు, కారు అమ్మే ఉద్దేశం మాకు లేదు.

ఏడాది పాటు బాగానే తిరిగింది. ఇప్పుడు రాత్రిపూట హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. ఆపగానే దిగుతోంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ లైటు మసగ్గా వెలుగుతూనే ఉంటోంది. అది పగలు తెలియదు, చీకట్లో తెలుస్తుంది. అన్నిటికన్నా భయపెట్టేది ఆయిల్ లైటు. గతుకులు వస్తే మినుకుమంటోంది. మొన్న గుంటూరు వెళ్తుంటే వారధి మీద వెలిగింది. వెనక సీట్లో పిల్లలు, పక్కన లారీలు, ఆపడానికి చోటు లేదు. వారధి దిగేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆటోనగర్‌లో ఇద్దరికి చూపించాను. ఒకాయన వైరింగ్ మొత్తం పీకి కొత్త కిట్ వేయాలి, లేబరుతో కలిపి 25 వేలవుతుందన్నాడు. ఇంకొకాయన, "వైరు లోపమే, ఇంజనుకేం కాలేదు, ఆయిల్ బల్బు తీసేస్తే మీకు టెన్షన్ ఉండదు" అన్నాడు. ఎవరి మాట వినాలి?

మంగళగిరి

అన్నా, మొత్తం మార్చేయండి. నేను అనుభవించి చెబుతున్నా. మా కారు కూడా ఒకసారి వాన నీళ్ళలో రెండు రోజులు నానింది. పైకి వైరు కొత్తదానిలాగే ఉంది. ఒకచోట కోసి చూస్తే లోపల రాగి నల్లగా, పచ్చ చిలుము పట్టి ఉంది. ఇంకో జానెడు కోశాం, అక్కడా అంతే. తీగ పోగుల మధ్య సందుల్లోంచి వత్తికి నూనె ఎక్కినట్టు నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. ఇవాళ ఒకచోట బాగు చేస్తే నెల తిరగకముందే ఇంకోచోట పోతుంది. నాలుగుసార్లు టేపు చుట్టించాను. చివరికి ఒక మెకానిక్ 15 ఆంప్స్ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో రాగి పోగు పెట్టాడు. మూడో రోజు డ్యాష్‌బోర్డు కింద పొగ వచ్చింది. బ్యాటరీ తీగ పీకగలిగాను కాబట్టి సరిపోయింది. పిల్లల్ని ఎక్కించుకునే బండి మీది, 25 వేల దగ్గర ఆలోచించకండి.

గుంటూరు, అరండల్‌పేట

ముందు బండి కంప్యూటరు నుంచి లోపాలు చదివే స్కానర్ పెట్టించండి బ్రదర్. 500 రూపాయలతో లోపమేంటో తెలిసిపోతుంది కదా, ఈ కోయడాలు, మార్చడాలు ఎందుకు?

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ

22 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ముందు స్కానర్ సంగతి. మన దేశంలో ఓబీడీ-2 (స్కానర్‌తో లోపాలు చదవడానికి బండిలో ఉండే వ్యవస్థ) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. 2004 నాటి బండిలో స్కానర్ పట్టినా, అది చెప్పేది ఇంజను కంప్యూటరుకు తెలిసిన సంగతులే. అలాంటి చిన్న కార్లలో ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు మామూలుగా ఆ కంప్యూటరు గుండా వెళ్ళవు. ఒక బల్బు, ఒక తీగ, ఒక స్విచ్చు, అంతే. కాబట్టి ఇక్కడ స్కానర్‌తో పని లేదు.

సింగ్‌నగర్ సార్, ఆయిల్ బల్బు మాత్రం ఎవరినీ తీయనివ్వకండి. ఇది నా అభిప్రాయం కాదు, బతిమాలి చెబుతున్న మాట. ఆయిల్ ప్రెజర్ బాగా పడిపోయినప్పుడు, చాలా బళ్ళలో 0.3 నుంచి 0.5 బార్ దగ్గర, ఇంజను మీదున్న స్విచ్చు తీగను ఎర్త్‌కి (బ్యాటరీ మైనస్‌తో కలిసిన ఇంజను, బాడీల లోహానికి) కలుపుతుంది, లైటు వెలుగుతుంది. ఇన్సులేషన్ ఊడిన తీగ బాడీకి తగిలినా అదే లైటు వెలుగుతుంది. రెండింట్లో ఏదో తేల్చుకోవాలి. స్విచ్చు దగ్గర తీగ పీకి, కీ ఆన్ చేసి చూడండి. లైటు ఆరిపోవాలి. తీగ పీకినా వెలుగుతోందంటే అది ఎక్కడో బాడీకి తగులుతున్నట్టే. కానీ అంతటితో ఇంజను బాగుందని అనుకోవద్దు. స్విచ్చు విప్పి, ఆ కంతకే ప్రెజర్ గేజి బిగించి, ఇంజను బాగా వేడెక్కాక చూడాలి. అప్పటిదాకా లైటు వెలిగితే బండి పక్కకు తీసి ఇంజను ఆపడమే. బ్యాటరీ బల్బూ పీకకూడదు. చాలా బళ్ళలో ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం) చార్జింగ్ మొదలుపెట్టేది ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే.

మీరు చెప్పిన మొదటి రెండు లక్షణాలు చూస్తే నా అనుమానం ఎర్త్ మీద, మీటర్ బోర్డుకి వచ్చే ఇగ్నిషన్ కరెంటు (కీ ఆన్ చేస్తే వచ్చేది) మీద. హెడ్‌లైట్ల కరెంటు తిరిగి వెళ్ళే దారిలో తుప్పు అడ్డుపడితే మీటరు ఎర్త్ నిలకడగా ఉండదు, ముల్లు అబద్ధం చెబుతుంది. అయినా ఒకసారి కూలెంటు, రేడియేటర్ ఫ్యాను చూసుకోండి, నిజంగా వేడెక్కడం లేదని తేలాలి.

మల్టీమీటర్ ఉంటే ఇంట్లోనే చూడొచ్చు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి, అదీ క్లాంపు మీద కాదు, దాని మధ్యలో కనిపించే సీసం ముక్క మీదే ఆనించాలి. ఎర్ర తీగ ఇంజను మీద తుప్పు లేని బోల్టుకి. ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. 0.5 దాటిందంటే ఇంజను ఎర్త్ తీగ పోయినట్టే. తర్వాత ఎర్ర తీగను బాడీ మీదికి మార్చి హెడ్‌లైట్లు వేసి చూడండి. తీగ తెగలేదని చెప్పే మల్టీమీటర్ బీప్ శబ్దాన్ని మాత్రం నమ్మొద్దు. పోగులన్నీ చిలుము పట్టి ఒక్క పోగు మిగిలినా అది బీప్ అనే అంటుంది. అందుకే నేను 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఆ తీగకి తగిలించి చూస్తాను. దాదాపు 1.75 ఆంప్స్ లాగుతుంది. బాగున్న తీగైతే బల్బు తెల్లగా వెలుగుతుంది, చెడిన తీగైతే ఎర్రగా మూలుగుతుంది.

ఒక ప్రశ్న. హెడ్‌లైట్లలో కంపెనీ 60/55 వాట్ల (హై బీమ్/లో బీమ్) బల్బులే ఉన్నాయా, 100/90వి వేయించారా?

మంగళగిరి

సార్, మీ పని మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఎర్త్ ఒకటి బాగు చేసి పంపిస్తే, కార్పెట్ కింద నాలుగు రోజులు నానిన వైరింగ్ సంగతేంటి? మీరు కొలిచేది ఇవాళ్టి సంగతి. చిలుము రేపు కూడా తింటూనే ఉంటుంది.

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ

మీరన్నదాంట్లో నిజముంది, కాదనను. వరద బండికి కిట్ మార్చిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ 20 ఏళ్ళు దాటిన బండికి కంపెనీ కిట్ దొరకడం కష్టం. బయట దొరికేదాంట్లో తీగ సన్నం, కప్లర్లు (తీగలు కలిపే ప్లగ్గులు) వదులు. పాత వైరింగులో మూడు చోట్ల లోపముంటే, సరిగ్గా బిగించని కొత్త కిట్‌లో ముప్పై చోట్ల పుడుతుంది. నీళ్ళు నిలిచిన చోటు వరకు విప్పి, కోసి చూసి, రాగి మెరిసే దాకా వెనక్కి వెళ్ళి అక్కడి నుంచి అదే మందం, అదే రంగు తీగ వేయాలి. మెలితిప్పి టేపు చుట్టడం కాదు, సోల్డర్ చేసి, గ్లూ ఉన్న హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయాలి. మన ఎండలకి మామూలు టేపు జిగురు కారి ఊడిపోతుంది.

పటమట, విజయవాడ

నేను మెకానిక్‌ని కాదు. బల్బు తీయడం గురించి ఒక్క మాట చెప్పాలి. మా అన్నయ్య సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. కీ తిప్పితే ఆయిల్ లైటు వెలగాలన్న సంగతి మాకెవరికీ తెలియదు. వెలగట్లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాం. ఒక రాత్రి స్పీడ్ బ్రేకర్‌కి కింద ఆయిల్ సంపు తగిలి చీలింది. ఎంత దూరం నడిచిందో తెలియదు, ఇంజను పట్టేసింది. విప్పి చూస్తే మీటర్ బోర్డులో బల్బు లేదు. పాత ఓనరు తీయించేశాడు. 40 వేలు పోయాయి. ఆ రాత్రి వదిన, చంటిపిల్ల బండిలో ఉన్నారు. దయచేసి ఆ పని చేయించకండి.

సింగ్‌నగర్, విజయవాడ (ప్రశ్న పెట్టినవారు)

అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల తర్వాత రాస్తున్నాను. పటమట అక్కగారి మెసేజ్ చదివాక ప్రెజర్ గేజి పెట్టేదాకా బండి కదపలేదు. వేడి ఇంజను మీద ఐడ్లింగ్‌లో ఒక బార్ పైనే చూపించింది, రేస్ చేస్తే మూడు దాకా వెళ్ళింది. మెకానిక్ ఇంజను బాగుందన్నాడు. తీగ పీకినా లైటు మినుకుమంటోంది. వెతికితే ఇంజను పక్కనున్న రేకు బిగింపు దగ్గర ఆ తీగ ఒరుసుకుని గోరంత మేర రాగి బయటపడి ఉంది.

ఎర్త్ కొలిస్తే సెల్ఫ్ కొట్టినప్పుడు 0.9 వచ్చింది. బోల్టు విప్పాం. వాషరు కింద తుప్పు పొట్టులా రాలింది. రేకు మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్ది, కొత్త తీగ బిగించి, పైన వాసలీన్ పూశాం. ఇప్పుడు 0.1. టెంపరేచర్ ముల్లు కదలడం లేదు. హెడ్‌లైట్లలో 100/90 బల్బులే ఉన్నాయి సార్, నాన్నగారు వేయించారు. హెడ్‌లైట్ స్విచ్చు వెనక కప్లర్ గోధుమ రంగుకి తిరిగి ఉంది.

బ్యాటరీ లైటు మాత్రం ఇంకా మసగ్గానే ఉంది. బ్యాటరీ దగ్గర 14.1, మీటర్ బోర్డుకి వచ్చే తీగలో 12.6.

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ

దొరికింది. ఆ బల్బుకి ఒక పక్క ఆల్టర్నేటర్, ఇంకో పక్క ఇగ్నిషన్ కరెంటు. రెండూ సమానమైతేనే ఆరుతుంది. మీకు 1.5 వోల్టుల తేడా ఉంది కాబట్టి మసగ్గా వెలుగుతోంది. ఇగ్నిషన్ స్విచ్చు నుంచి ఫ్యూజు బాక్సు దాకా ఒక్కో కప్లర్ దగ్గరా కొలుచుకుంటూ రండి, ఎక్కడ వోల్టేజి పడిపోతే అక్కడే లోపం. బల్బులు 60/55కి మార్చేయండి. హై బీమ్‌లో రెండూ కలిపి 10 ఆంప్స్ లాగాల్సిన చోట 16 పైన లాగుతున్నాయి. ఆ బల్బులే కావాలంటే విడిగా రిలే (బల్బుల కరెంటు స్విచ్చు గుండా పోకుండా చూసే పరికరం), మందపాటి తీగ వేయించాలి.

మంగళగిరి

ఎర్త్ దగ్గరే ఇంత బయటపడుతుందని నేను అనుకోలేదు. అయినా డ్రైవరు సీటు కింద కార్పెట్ ఎత్తి వైరింగ్ చూడందే నేను ఒప్పుకోను.

సింగ్‌నగర్, విజయవాడ (ప్రశ్న పెట్టినవారు)

ఎత్తాం అన్నా. మీరు చెప్పినట్టే ఉంది. గుమ్మం వెంట వెనక్కి వెళ్ళే వైరింగులో రెండు తీగలు చిలుము పట్టి, వంచితే పుటుక్కున తెగాయి. మూరెడు కోశాక మంచి రాగి తగిలింది. ఆ ముక్క మొత్తం మార్పిస్తున్నాను. ఫ్యూజు బాక్సు వెనక కప్లర్ కూడా పచ్చగా ఉంది, ఆదివారం దాని పని. సార్, ఇంజను నుంచి బాడీకి రెండో ఎర్త్ తీగ ఒకటి వేద్దామనుకుంటున్నాం, ఎంత మందం తీసుకోమంటారు?

ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ

16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది. రెండు చివర్లా రింగు లగ్గులు గట్టిగా క్రింప్ చేయించండి. బిగించే చోట పెయింటు గీకడం మర్చిపోకండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి.