తుఫాను దాటాక ఎవరికి ఏం చెప్పాలి? ఒడిశాలో ఆంధ్రాని ఆనుకున్న గంజాం, గజపతి జిల్లాల సరిహద్దు పంచాయతీల కోసం

బరంపురం_గేటు:
గాలి తగ్గగానే అందరూ ఒక్కసారే సర్పంచికీ ఎమ్మెల్యేకీ ఫోన్లు కొడతారు. కలెక్టరు దగ్గర్నుంచి పంచాయతీ దాకా పని ఎలా నడుస్తుంది, ఎక్కడ చెబితే కదులుతుంది? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

ఛత్రపూర్_కచేరీ:
జిల్లాకు కలెక్టరు, బ్లాకుకు బీడీవో, నష్టం లెక్కలకు తహసీల్దారు. పైన భువనేశ్వర్‌లో స్పెషల్ రిలీఫ్ కమిషనర్. జిల్లా కంట్రోల్ రూమ్ 1077. సరిహద్దులో ఫోను ఇచ్ఛాపురం టవరు పట్టుకుంటే కాల్ శ్రీకాకుళం పోవచ్చు, కోడు కలిపి కొట్టండి: గంజాంకి 06811, గజపతికి 06815.

"మా ఊరికి దారి లేదు" అంటే ఆ ఫిర్యాదు అడుగున పడిపోతుంది. పంచాయతీ, వార్డు, ఏ రోడ్డు, ఏ మలుపు, అవతల నెలలు నిండినవాళ్ళు, డయాలసిస్ వాళ్ళు ఎంతమంది, పడిన చెట్టు మీద కరెంటు తీగ ఉందా లేదా, ఇవన్నీ చెప్పాలి. తీగ సంగతి ముందే చెప్పకపోతే రంపాలతో వచ్చిన ఫైర్ వాళ్ళు లైన్ క్లియర్ (తీగలో కరెంటు ఆపేశామని లైనువాళ్ళు ఇచ్చే మాట) కోసం అక్కడే ఆగిపోతారు.

లైను_పని:
జనరేటర్ల గురించి కూడా రాయాలి. మెయిన్ తీయకుండా జనరేటరు వైరు ఇంటి ప్లగ్గులో పెడితే కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయి 11 కేవీ తీగకి ఎక్కుతుంది. స్తంభం మీదున్న మనిషి ప్రాణం పోతుంది. చేంజోవర్ స్విచ్ (ఇంటిని మెయిన్ నుంచి విడదీసి జనరేటరుకి మార్చేది) లేకపోతే ఫ్రిజ్జో మోటారో నేరుగా జనరేటరుకే తగిలించండి, ఇంటి వైరింగు జోలికి పోవద్దు. ఇక కరెంటు తిరిగి ఇచ్చే వరస: ముందు 33 కేవీ పెద్ద లైన్లు, సబ్‌స్టేషను, తర్వాత ఆసుపత్రి, నీటి పంపులకు పోయే ఫీడర్లు (లైన్లు), ఆ తర్వాతే వీధులు.

మహేంద్రతనయ:
పైన రాసింది ఎక్కువగా తీరానికి సరిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి కొండల్లో ఎక్కువ ప్రాణాలు తీసింది గాలి కాదు, వానకు జారిన కొండచరియలు. గాలి ఆగిందని కొండ ఊళ్ళ జనాన్ని షెల్టరు నుంచి ఇళ్ళకు పంపేయకూడదు. వాలు మీద కొత్త పగుళ్ళు, చెట్లు ఒరగడం, ఊట నీళ్ళు ఉన్నట్టుండి బురదగా మారడం, వీటిలో ఏది కనిపించినా ఊరు ఖాళీ చేయించాలి. గాలి ఆగినా వంశధార నది మీద కూడా కన్నేసి ఉంచాలి. గుణుపూర్, కాశీనగర్ దగ్గర మట్టం పెరిగితే దిగువన ఆంధ్రాలో ఉన్న గొట్టా బ్యారేజీ వాళ్ళకు వెంటనే తెలియాలి. ఈ మాట రెండు రాష్ట్రాల రాజధానుల చుట్టూ తిరిగి వస్తే ఆలస్యమే. కంట్రోల్ రూముల మధ్య నేరుగా ఫోను ఉండాలి.

ఆశా_దీదీ:
మునిగిన బావికి బ్లీచింగ్ గుప్పెళ్ళతో చల్లడం దండగ, కొలత కావాలి. బావి అడ్డం రెండు మీటర్లు, నీళ్ళు మూడు మీటర్లు ఉంటే సుమారు 9,400 లీటర్లు. మామూలుగా వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, వరద తర్వాత రెట్టింపు, అంటే 50 గ్రాములకు కాస్త తక్కువ. ముందు కొంచెం నీళ్ళతో ముద్దగా కలిపి, బకెట్టు ముప్పావు వంతు నింపి, పది నిమిషాలు తేరనివ్వాలి. పైన తేట మాత్రమే బావిలో దించి కలియబెట్టాలి, అడుగున సున్నం పారబోయాలి. గంట దాకా ఎవరూ తోడకూడదు. మూత లేకుండా పడి ఉన్న పాత డబ్బాలో బలం ఉండదు.

గోపాల్‌పూర్_తీరం:
నోలియా (సముద్రపు జాలర్ల) పేటల్లో ఇంటి భాష తెలుగు. ఒడియాలో ఒక్కసారి మైకులో చెప్పి ఆటో వెళ్ళిపోతే ముసలివాళ్ళకు సగమే అందుతుంది. షెల్టరు కమిటీలో తెలుగు చదివి చెప్పేవాళ్ళు ఇద్దరైనా ఉండాలని బీడీవోని తుఫానుల కాలానికి ముందే అడగండి.

బరంపురం_గేటు:
అందరికీ దండాలు. ఇల్లు గంజాంలో, పొలం ఇచ్ఛాపురం మండలంలో ఉన్నవాళ్ళ సంగతేమిటి?

ఛత్రపూర్_కచేరీ:
ఇంటి నష్టం ఇక్కడి తహసీల్దారుకి, పంట నష్టం పొలం రికార్డు ఉన్న అవతలి వాళ్ళకి. పంట 33 శాతమో అంతకు మించో పోతేనే లెక్కలోకి వస్తుంది. కౌలుకి చేస్తే ఒడిశాలో సాయం సాగు చేసిన వాళ్ళకే రావాలి, సర్వేకి వచ్చినప్పుడు పొలంలోనే నిలబడి ఆ మాట రాయించుకోండి. కూలిన గోడ తీసేయక ముందే నాలుగు వైపులా ఫోటోలు తీయండి.